అరువుకాలు

ఆ రోజు రంగనాయకి ముగించాల్సిన పనులు: రెండో షెడ్డులోని తాళబుర్ర చేత దాని పాత బండిని మరపించడం, పెడల్ బల్లకు కొత్త స్ప్రింగు వేయడం, షెడ్డు నడిపే కరీముల్లా మేస్త్రి చేత ఒక టీ అయినా మాన్పించడం, అంబులెన్సు ఇంజనుకు మూడోసారి కాలు పెట్టడం.

చివరిదాన్ని మధ్యాహ్నం దాకా వాయిదా వేసింది.

ఆటోనగర్‌లోని ఆ సందు మొత్తానికీ ఇదే పని. పెట్రోలు, డీజిలు బండ్లు ఇప్పుడు పందేల్లో తప్ప తిరగవు. పాత బండి ఇంజను తీసి పందెం బండికి ఎక్కించాలంటే దాని తాళబుర్ర ఒప్పుకోవాలి. తాళంచెవుల కాలం పోయాక వచ్చిన బుర్రలవి. పెడల్ మీద పాదం పడే తీరును బట్టి యజమానిని గుర్తుపడతాయి. అన్నీ ఒకే నెట్‌వర్కు మీద ఉంటాయి. ఒకటి నేర్చింది తక్కినవీ నేర్చుకుంటాయి. యజమాని పోతే విడిపించే దారి కంపెనీలకు తెలిసేదేమో, అవి ఎప్పుడో మూతపడ్డాయి. అందుకే రంగనాయకి లాంటివాళ్లు అరువుకాళ్లయ్యారు. పోయిన మనిషి ఎలా నడిపేవాడో ఇంటివాళ్లను అడిగి తెలుసుకుని, అదే పాదంతో ఇంజనుకు తగిలించిన పెడల్ బల్ల తొక్కుతారు. తెర మీద ‘యజమానివేనా?’ అని వస్తుంది. ‘అవును’ నొక్కుతారు. బుర్ర నమ్మితే దానిచేత పాత బండిని మరపించి, కొత్త మనిషి పాదం నేర్పుతారు. మూడుసార్లు తప్పితే ఇంజను మూగబోతుంది. ఇక తుక్కే.

అంబులెన్సు బల్లెం ప్రకాశానిది. ఆయన పోయాక ఆ ఇంజనును సూర్యలంక ఇసుక పందెంలో తన బండికి ఎక్కించుకోవాలని కూతురు కెజియా తెచ్చింది.

“సైరన్ వేసుకుని పరుగెత్తించే కాలు వేశాం, కాదంది. కాన్పు మనిషిని కుదుపు లేకుండా తీసుకెళ్లే కాలు వేశాం, అదీ కాదంది. మీ నాన్న నడిపింది అంబులెన్సా, విమానమా?” అన్నాడు కరీముల్లా.

“మీ టీ పోసుంటే విమానమే అయ్యేది మేస్త్రిగారూ” అంది కెజియా. నవ్వలేదు మాత్రం.

రంగనాయకి బల్ల ముందుకు జరిగింది. “సరిగ్గా గుర్తుచేసుకో అమ్మాయ్. నువ్వు పక్కన కూర్చున్నప్పుడు, గేరు మార్చేటప్పుడు కాలు లేపేవాడా, ఆనించి ఉంచేవాడా?”

కెజియా ఇంజను వైపు చూసింది. “ఏం చెప్పనక్కా. నన్నెప్పుడూ ఎక్కించుకోలా. ‘ఈ బండి ఎక్కే అవసరం నీకు రాకూడదే’ అనేవాడు. వానలో కూడా బడికి నడిచే పోయా.”

“మరి ఇన్నాళ్లూ చెప్పిందంతా?”

“ఊహించి చెప్పా. ఆయనదంటూ నాకు మిగిలింది ఇదొక్కటే. దీన్ని నడిపితే, ఆయన ఎట్టా ఉండేవాడో కొంచెమన్నా తెలుస్తుందేమోనని.”

“ఏదో ఒక కాలు వేసెయ్ రంగా. తగిలితే తగిలింది” అన్నాడు కరీముల్లా.

రంగనాయకి బల్ల ముందు కూర్చుంది. ‘యజమానివేనా?’ అన్న ప్రశ్న వెలిగింది. పక్కనే ‘కాదు’ అనే మీట కూడా ఉంది. ఆ సందులో దాన్ని నొక్కినవాళ్లు లేరు. అది దొంగతనం ఒప్పుకోవడమేనని, నొక్కితే ఇంజను చచ్చిపోతుందని అందరి నమ్మకం. ఎవరు చూసి చెప్పారో ఎవరికీ తెలియదు.

“కాదంటే ఏమవుద్దో నాకూ తెలీదమ్మా. పోతే పోవచ్చు. నీ ఇంజను, నువ్వే చెప్పు” అంది కెజియాతో.

“ఆయన గురించి ఇంక ఊహించలేను. నొక్కక్కా.”

రంగనాయకి పాదాలు తీసి నేల మీద పెట్టుకుని ‘కాదు’ నొక్కింది.

తెర ఆరిపోయింది. కరీముల్లా గ్లాసు కింద పెట్టేశాడు. తెర మళ్లీ వెలిగింది.

‘ఆయన ఎక్కడ?’

రంగనాయకి పక్కకు జరిగింది. కెజియా తడబడుతూ టైపు చేసింది: ‘చనిపోయారు. నేను కూతుర్ని.’

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి: ‘ఆయనను మరపించవద్దు. మీ పాదం పెట్టండి.’

ఆమె పెట్టింది. ఇంజను అందుకుంది.

“అంటే ఇన్నేళ్లూ మనం నిజం చెప్పుంటే సరిపోయేదా” అన్నాడు కరీముల్లా.

ఆ బుర్ర నేర్చింది తక్కినవాటికీ చేరింది. సాయంత్రానికి సూర్యలంకలో సాధన చేస్తున్న పందెం బండ్లు ఇసుకలో ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయాయి. ప్రతి తెర మీదా ఒకటే ప్రశ్న: ‘నా మనిషి ఏమయ్యాడు?’ హెల్మెట్లలో ఉన్నవాళ్లు రంగనాయకికి ఫోన్లు చేశారు. ఆమెకు ఆ పాదాలన్నీ తెలుసు. పేర్లు కొన్నే తెలుసు. తెలిసినవి చెప్పింది, తెలియని చోట తెలియదంది. ఏ పందెమూ ఇక మునుపటిలా జరగలేదు.

అలాంటి బండి మీకెక్కడైనా ఎదురై అడిగితే, తెలిసిన పేరు చెప్పండి. ఏదీ తెలియకపోతే ఈ ఒక్క మనిషినైనా గుర్తుపెట్టుకోండి: బల్లెం ప్రకాశం, అంబులెన్సు డ్రైవరు. ఊళ్లో అందరినీ ఎక్కించుకున్నాడు, కూతుర్ని తప్ప.