లొక్లాన్ పిలుపు

తెల్లవారుజామున, వేటకెళ్లిన మా ఆయన బెన్హర్ ఫోన్ చేసేసరికి నేను అనువాదం పనిలో ఉన్నాను. "ఇంజన్ చెడిపోయింది క్యాథరీ. తెడ్డేసుకుని వస్తన్నా. మంచులో ఏం కనపడలా. అమ్మని పిలవమను." అంతే, సిగ్నల్ పోయింది.

అల్లూరు దాటాక సముద్రం ఒడ్డున మా పల్లె. పొగమంచు కమ్మితే ఇంటి ఆడవాళ్లు ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలుస్తారు. పడవలో వాళ్లు తెడ్డుతో అంచుమీద కొట్టి బదులిస్తారు. ఆ గొంతు పట్టుకుని ఒడ్డుకు రావడమే. జీపీఎస్ కొనమని ఎంత పోరినా మా ఆయనకు వాళ్లమ్మ గొంతుమీదే గురి.

మా అత్త ఎస్తేరమ్మా నేనూ ఇసకలో నిలబడ్డాం. తెల్లారింది గానీ కాళ్ల ముందు అల కూడా కనబడడం లేదు. తడి వలల వాసన. అత్త "బెన్హరూ..." అని ఎత్తుకుంది. దూరంగా టక్... టక్. బతికిపోయాం అనుకున్నాను.

మళ్లీ పిలిచింది. ఈసారి ఆ దెబ్బతో పాటు ఇంకో చప్పుడు. తెడ్లు. ఒకటీ రెండూ కాదు, చాలా తెడ్లు, అన్నీ ఒకేసారి నీళ్లలో పడుతున్నాయి. మా పల్లెలో అలాంటి పడవ లేనే లేదు. గాలిలో తారు వాసన...

ఆ నవల గుర్తొచ్చింది. నేను తెలుగు చేస్తున్నది లొక్లాన్ కథ. ఐర్లండు పాత కథల్లో, ఉత్తరపు సముద్రాల నుంచి తారు పూసిన పెద్ద తెడ్ల పడవలమీద వచ్చి దోచుకుపోయేవాళ్ల దేశం అది. చెప్పగా చెప్పగా ఆ దేశం సముద్రం అడుగుకు చేరింది. ఈ నవల రాసినాయన తన వంతుగా ఇంకోటి కలిపాడు. ఒడ్డున పిలిచే గొంతును వాళ్లు విని నేర్చుకుంటారట. ముందురోజు అది చదివి నవ్వుకున్నాను కూడా.

"అత్తా, పిలవబాక," గుసగుసగా అన్నాను.

"పిలవకుంటే బిడ్డ ఎట్టొస్తాడే?"

పిలిస్తే ఆ తెడ్లు దగ్గరవుతున్నాయి. పిలవకపోతే బెన్హర్ దారి తప్పుతాడు. భయమేసి ఆమె నోరు మూసేశాను.

తెడ్లు ఆగాయి. బెన్హర్ కొట్టడమూ ఆగింది.

అప్పుడు నీళ్లమీద నుంచి... "బెన్హరూ..."

అత్త గొంతే. అదే జీర. నా అరచేతి కింద ఆమె పెదాలు కదల్లేదు.

టక్. బెన్హర్ బదులిచ్చాడు... అటువైపుకు.

ఇద్దరం గొంతు చించుకుని అరిచాం. "ఇటు రా నాయనా! ఇటు!" మేం అరిచిన ప్రతి మాటా అక్కడి నుంచీ వినబడింది. మాకంటే గట్టిగా. నా గొంతు కూడా ఉంది అందులో. నడుంలోతు నీళ్లలోకి దిగాను. ఎటు పోవాలో తెలియలేదు. చేతకాక ఏడ్చాను. ఆ టక్ టక్ దూరమవుతూనే ఉంది.

ఉన్నట్టుండి పడవమీద గబగబా దెబ్బలు. ఆగకుండా... సంబరంగా.

అత్త నా భుజం పట్టుకుంది.

"ఏందత్తా అది?"

"ఒడ్డు కనపడితే అట్ట కొడతారు తల్లీ..."

ఆ దెబ్బలు తూర్పు నుంచి, నడిసముద్రంలోంచి వస్తున్నాయి.