బొట్టు పెట్టిన పురుగు

పామాయిల్ తోటలో పగలు కూడా పగల్లా ఉండదు. పెదవేగి వైపు ఎప్పుడైనా వెళ్ళినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. ఎదిగిన చెట్లు మట్టలతో మట్టలు కలిపి నెత్తిన కప్పు వేసేస్తాయి. రోడ్డు మీద ఎండ కళ్ళు చెదరగొడుతున్నా, లోపలికి నాలుగడుగులు వేస్తే పొద్దుగూకినట్టే ఉంటుంది. కింద కుళ్ళిన గెలల కంపు. పైన మగపూల నుంచి సోంపు లాంటి తియ్యటి వాసన. ఆ పూల మీద వేలకొద్దీ చిన్న చిన్న పురుగులు ముసిరి సన్నగా రొద పెడుతుంటాయి. అలవాటైతే ఆ రొద వినపడదు. ఆగిపోతే మాత్రం మనిషి తలెత్తి చూస్తాడు.

వెంకటనరసమ్మ ఏడేళ్ళుగా నరసరాజుగారి తోటలో కూలీ. మొగుడు పోయాక ఒక్కగానొక్క కూతురు దుర్గాభవానిని ఆ తోట పని మీదే పెంచింది. రెండు వేల నాలుగులో ఆ తోటకి ఒక వింత పని వచ్చింది. కొమ్ము పురుగుల్ని లెక్కపెట్టే పని.

కొమ్ము పురుగంటే తెలియనివాళ్ళు మన వైపు ఉండరు. బొటనవేలంత నల్ల పురుగు, ముక్కు మీద కొమ్ము. కొబ్బరి మొవ్వులో దూరి తొలిచేస్తుంది. పామాయిల్‌కీ అదే చీడ. వీరేంద్ర అనే కుర్రాడు దాని మీద పరిశోధన చేస్తూ, వట్లూరులో గది తీసుకుని స్కూటర్ మీద వచ్చేవాడు. గెడలు పాతి, బక్కెట్లు కట్టి, వాటిపైన ఎర పొట్లాలు వేలాడదీశాడు. రాత్రి వాసనకి వచ్చిన పురుగులు బక్కెట్లో పడతాయి. పొద్దున్నే వాటి వీపు మీద అంకె రాసిన కాగితం ముక్క అంటించి వదిలెయ్యాలి. మళ్ళీ ఎన్ని పడ్డాయి, ఎంత దూరం పోయాయి, ఎన్నాళ్ళు బతికాయి, అదీ అతని లెక్క.

"దొరికిన దొంగకి బొట్టు పెట్టి సాగనంపినట్టుంది బాబూ మీ చదువు" అని నరసమ్మ నవ్వేది.

ఆ మాట కూతురు పట్టుకుంది. దుర్గకి పదహారేళ్ళు. పది పాసై, ఇంటర్‌లో చేరేదాకా తల్లి వెంట పనికొస్తోంది. వానలకి కాగితాలు నాని ఊడిపోతుంటే, ఒకరోజు తన నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి పురుగు వీపుకి అంటించింది. పది రోజులకి అదే పురుగు అదే బొట్టుతో ఇంకో బక్కెట్లో పడింది.

"మీ అమ్మాయి బుర్రే బుర్రండీ" అన్నాడు వీరేంద్ర. "మా ప్రొఫెసర్‌గారి జిగురు దీని ముందు దండగ."

అప్పట్నించి వారానికో రంగు బొట్టు. నోటు పుస్తకంలో లెక్క దుర్గే రాసేది. ఒకనాడు వీరేంద్ర పేపర్లో వచ్చిన వింత చెప్పాడు. మెక్సికోలో ఆడవాళ్ళు బతికున్న పురుగు వీపు మీద రంగురాళ్ళు పొదిగించి, సన్నటి గొలుసు వేసి, గుండెల మీద తగిలించుకుంటారట. ఆ నగ ఒంటి మీద నడుస్తూ ఉంటుందట.

మర్నాడు దుర్గ ఓణీ మీద కొమ్ము పురుగు పాకుతోంది. వీపంతా రాళ్ళ బొట్లు. కొమ్ముకి దారం, దారం చివర పిన్నీసు.

"తీసి పారెయ్యవే, ఒళ్ళు జలదరిస్తోంది" అంది తల్లి.

"నా మెడలో ఏమీ లేదు, ఏమీ లేదు అని ఏడుస్తావుగా. ఇదిగో నగ. దొంగలు కూడా ముట్టుకోరు."

"నోరులేని జీవాన్ని కట్టెయ్యకూడదమ్మా."

"మీరు మొవ్వుల్లోంచి లాగి కిరసనాయిల్లో ముంచి చంపితే పుణ్యం, నేను ముస్తాబు చేస్తే పాపమా?"

పిల్ల నవ్వుతూ దారం ఊడదీసి పురుగుని వదిలేసింది.

ఆ శ్రావణంలోనే అది జరిగింది.

తోట పక్కన కొత్తగా నాటిన మొక్కలకి గుళికల మందు వెయ్యాలన్నారు. ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. మందు సంచి మీద పుర్రె బొమ్మ ఉంటుంది. అక్షరం రానివాడికి కూడా అర్థమయ్యే బొమ్మ అది. కానీ ఆ సంచి షెడ్డు దాటి రాదు. కూలీల దగ్గరికి మందు మట్టి మోసే ఇనప గమేళాల్లో వస్తుంది. గమేళా మీద ఏ బొమ్మా ఉండదు. గ్లౌజులు లేవా అంటే ఉన్నాయి, రాజుగారి బీరువాలో, ఆఫీసర్లు వచ్చినప్పుడు చూపించడానికి.

"యూరియా లాంటిదేనమ్మా. చిటికెడు తీసి మొవ్వులో వెయ్యడమే. వాన పడేలోగా కానివ్వండి" అన్నాడు మేస్త్రీ హనుమంతరావు.

యూరియా అంటే నరసమ్మకి తెలిసిన పద్ధతి ఒక్కటే. చిన్నప్పట్నించి చేలో చేసిన పద్ధతి. కూతురి ఓణీ మడిచి, పిల్ల నడుముకే ఒడి కట్టింది. జారిపోకుండా రెండు ముళ్ళు బిగించింది. గమేళాలోంచి మందు తీసి అందులో పోసింది. తను గెలలు మొయ్యడానికి పెద్ద తోటలోకి వెళ్ళింది.

వాన ముందే పడింది. ఓణీ తడిసింది. గుళికలు కరిగి పిల్ల కడుపుకి అంటుకుపోయాయి. నరసమ్మని పిలుచుకొచ్చేసరికి దుర్గ గట్టు మీద పడి ఉంది. నోట్లోంచి చొంగ. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. ఆటోలో తల్లి ఆ ముడి విప్పబోయింది. తడికి బిగుసుకుపోయింది. ఏలూరు ఆసుపత్రిలో నర్సు కత్తెరతో కోసేదాకా ఆ మందు ఆ కడుపు మీదే ఉంది. దీపాలవేళకి పిల్ల పోయింది. చివరి గంటలో గోడవైపు తిరిగి పడుకుంది. తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు.

"మందు ఎవరిచ్చారు?" అని డాక్టర్ అడిగితే హనుమంతరావు తన కాళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు. మూడో రోజుకి ఊళ్ళో మాట మారిపోయింది. పిల్ల ఎవరినో ప్రేమించిందట, తనే మింగిందట. ఆ మాట పుట్టించింది మేస్త్రీ. పోలీసు కాగితం మీద ఎక్కించింది రాజుగారు. చచ్చినదానికి నోరుండదు, బతికున్నదానికి పలుకుబడి ఉండదు. లోకం ఈ రెండింటి మధ్యే హాయిగా నడిచిపోతోంది.

నరసమ్మ మళ్ళీ ఆ తోటకే పనికి వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది? అన్నం ఎవరు పెడతారు? లోకం అన్న మాటలు ఆమెని కాల్చాయి గానీ, తినేసింది మాత్రం వేరే ఒకటి. అది నామీద కోపంతో పోయిందా? ముడి వేసింది నేనే కదా. తిట్టయినా తిట్టి పోలేదే. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు.

ఏడాది తిరిగింది. మళ్ళీ శ్రావణం. ఒక పొద్దున్న పెద్ద తోటలో చివరి బక్కెట్ దించి చూస్తే, ఐదు పురుగుల మధ్య ఒక దాని వీపు మీద ఎర్ర బొట్టు.

నరసమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని వీరేంద్ర వచ్చేదాకా అక్కడే కూర్చుంది.

"బాబూ, చూడండి. మా దుర్గ పెట్టింది."

అతను అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఖం మారింది. "కాదమ్మా. ఇది పెరిగి రెక్కలొచ్చాక బతికేది నాలుగైదు నెలలు. నిరుడు అంటించింది ఇప్పటిదాకా ఉండదు. పైగా... ఈ బొట్టు కొత్తది. అంచు కూడా లేవలేదు. ఎవరో మిమ్మల్ని ఏడిపిస్తున్నారు."

"నన్ను ఏడిపించడానికి ఎవరైనా అంత కష్టపడాలా బాబూ?" అంది నరసమ్మ. ఆ పురుగుని తిరిగి ఇవ్వలేదు.

సాయంత్రం కూలీలంతా వెళ్ళిపోయాక ఆమె ఉండిపోయింది. దారపు ఉండ తెచ్చుకుంది. పురుగు కొమ్ముకి దారం కట్టి, పెద్ద తోట మొదట్లో వదిలింది. కాసేపు కదల్లేదు. తర్వాత రెక్కలు విప్పి, బరువుగా, బుర్రుమంటూ లేచి చెట్ల మధ్యకి పోయింది. దారం వేళ్ళ మధ్య నుంచి జారుతోంది. నరసమ్మ దాని వెంట నడిచింది.

వెలుతురు తగ్గిపోతోంది. చినుకులు పడుతున్నాయో, మట్టల నుంచి నీళ్ళు రాలుతున్నాయో తెలియడం లేదు. దారం ఎడమకి తిరిగింది. ఆమె తిరిగింది. గెలల కుప్ప దాటింది. పాత పేడ గుంట దాటింది. ఇన్నేళ్ళు తిరిగిన తోటలో ఎప్పుడూ చూడని వరస ఒకటి వచ్చింది. సోంపు వాసన గుప్పుమంది. దాని వెనకే ఇంకో వాసన... ఘాటుగా, ముక్కు మండేలా. ఆ వాసన ఆమెకి తెలుసు.

దారం ఆగింది.

అప్పుడు తెలిసింది. పూల మీద రొద ఆగిపోయి చాలాసేపయింది.

దారం ఒకసారి కదిలింది. పురుగు లాగినట్టు కాదు. ఎవరో చేత్తో పట్టుకుని, మెల్లగా లాగినట్టు...

"అమ్మా..."

ముందు ఏమీ కనపడటం లేదు. రెండు చెట్ల మధ్య చీకటి కాస్త చిక్కగా ఉంది, అంతే.

"దుర్గా... నువ్వేనా తల్లీ?"

"ముడి విప్పవే... కడుపు మండుతోంది..."

పారిపోవాలనిపించలేదు అంటే అబద్ధం. కాళ్ళు వెనక్కే లాగాయి. చేతులు మాత్రం ముందుకెళ్ళాయి. తడి గుడ్డ తగిలింది. మంచులా ఉంది. దాని వెనక ఒంటి వెచ్చదనం లేదు. ఊపిరి లేదు. వేళ్ళకి ముడి తగిలింది. ఒకటి కాదు. రెండు. తను వేసినవే... గోళ్ళు విరిగాయి. ఆమె వదల్లేదు. నిరుడు ఆటోలో చెయ్యలేనిది ఇప్పుడు చేస్తోంది. ఒకటి వదులైంది. రెండోది... రెండోది కూడా.

ఏదో గలగలా ఆమె చేతుల మీదుగా జారింది. ఇసకలా. కింద పడిన చప్పుడు మాత్రం రాలేదు.

"నామీద కోపమా అమ్మా?" అని అడిగింది నరసమ్మ. ఏడాదిగా గొంతులో ఉన్న మాట.

తర్వాత చెవి పక్కనే, చాలా దగ్గరగా...

"చేతులు కడుక్కో అమ్మా. తొట్టిలో కడుక్కో... బాగా కడుక్కో."

మోటారు షెడ్డు పక్కన సిమెంటు తొట్టి దాకా ఎలా వచ్చిందో ఆమెకి గుర్తు లేదు. చేతులు రెండూ మోచేతుల దాకా ముంచి కడుక్కుంది. కడుక్కుంటూ ఏడ్చింది. చచ్చి కూడా నా చేతులు కాలకూడదని చూసుకుంది నా తల్లి, అనుకుంది. ఆ రాత్రి, ఏడాదిలో మొదటిసారి, కంటినిండా నిద్రపోయింది.

పొద్దున్న ఆమె వెళ్ళేసరికి షెడ్డు దగ్గర జనం. తొట్టిలో కప్పలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. హనుమంతరావుని ఆటోలోకి ఎక్కిస్తున్నారు. అందరికంటే ముందొచ్చి, మోటారు వేసి, ఆ తొట్టి నీళ్ళతోనే మొహం కడిగి పుక్కిలించాడట. నోట్లోంచి చొంగ కారుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పాపలు ఆవగింజలంత ఉన్నాయి.

నరసమ్మ తన చేతులవైపు చూసుకుంది. మంట లేదు. వాసన లేదు. ఆమెకేమీ కాలేదు.

నరసరాజుగారు మోటార్‌సైకిల్ దిగుతూనే అరిచారు. "తొట్టిలో మందు ఎవరు కలిపారు? నిరుడు ఆ గొడవయ్యాక తోటలోకి గుళిక మందు తెచ్చిందే లేదు కదా!"

కూలీలు ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు.

"నేనేనండీ" అంది నరసమ్మ.

ఆయన ఆమె ముఖం చూసి చిరాగ్గా తల తిప్పుకున్నారు. "దీనికి మతి పోయి ఏడాదైంది. ముందు ఆ నీళ్ళు వదిలెయ్యండి. ఏమ్మా, దిగి తొట్టి కడుగు."

బిరడా లాగారు. నీళ్ళు సుడి తిరుగుతూ పోయాయి. రాజుగారు ఆటో వెనక వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు కప్పల్ని ఎత్తి పారబోసి దూరంగా జరిగారు. నరసమ్మ చీపురు పట్టుకుని తొట్టిలోకి దిగింది. అడుగున వేలెడు మందాన పచ్చటి పాకుడు. ఆ పాకుడు మీద అడుగుల గుర్తులు ఉన్నాయి. చిన్న పాదాలు, ఆడపిల్లవి. గోడ దగ్గర మొదలై మధ్యదాకా వచ్చి, అక్కడ రెండూ పక్కపక్కనే ఆగిపోయాయి. వెనక్కి తిరిగినవి లేవు.

అంటే రాత్రి తను చేతులు కడుక్కుంటున్నంతసేపూ... నీళ్ళ లోపల... ఎదురుగా...

ఆమె ఎవరినీ పిలవలేదు. వెనక్కి చూసుకుని, గబగబా చీపురుతో ఆ గుర్తులన్నీ రుద్ది చెరిపేసింది. ఒక్కటి కూడా మిగల్చలేదు. తల్లి కదా.

తొట్టి ఎక్కి బయటికి వచ్చింది. అప్పటికి ఎండ పొడుచుకొచ్చి షెడ్డు ముందు సిమెంటు ఆరిపోయింది. ఆరిన సిమెంటు మీద ఇంకొక్క అడుగు మాత్రం తడిగా ఉంది. అప్పుడే వేసినట్టు. వేళ్ళు రోడ్డవతల రాజుగారి మేడవైపు తిరిగి ఉన్నాయి.

నరసమ్మ దాని పక్కన చాలాసేపు నిలబడింది.

దాన్ని మాత్రం చెరపలేదు.