అయిదు తాళంచెవులు

ఉదయం పదిన్నరకు, రెండు క్లాసుల మధ్య విరామంలో, మేనేజ్‌మెంట్ కాలేజీ కాంటీన్‌లో కూర్చున్న వాటర్ వర్క్స్ ఇంజనీరు కాఫీ కప్పు కింద పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకోలేకపోయాడు. తల బల్ల మీదికి వాలిపోయింది. ఎదుటి కుర్చీల్లోవాళ్లు కునుకు పట్టిందేమో అనుకున్నారు. వారమంతా ఉద్యోగం చేసి, శని, ఆదివారాలు ఎంబీఏ చదివేవాళ్లకు కునుకు రావడం వింతేమీ కాదు. డాక్టరు వచ్చి చూసి గుండెపోటు అన్నాడు. మనిషికి ముప్పై తొమ్మిదేళ్లు. రోజూ ఆరు కిలోమీటర్లు పరుగెత్తేవాడు.

అతని బ్యాగులో ఉండాల్సిన నలభై పేజీల స్ట్రాటజీ అసైన్‌మెంట్ మాయమైంది. మొదటి పేజీ ఒక్కటే కోటు లోపలి జేబులో నాలుగు మడతలుగా దొరికింది. శీర్షిక కింద నీలి సిరాతో, అతని చేతిరాతలో ఒకే ఒక్క మాట ఉంది: ఇవ్వను.

మూడో రోజుకల్లా ఆ పేజీ ఫొటో నిఘా విభాగం బాస్ టేబుల్ మీదికి చేరింది. అది బీమా కంపెనీ బోర్డు తగిలించిన భవనంలో నాలుగో అంతస్తు. లోపల పనిచేసేవాళ్లలో ఒక్కరికీ బీమా లేదు. బాస్ ఎదురుగా ఏజెంట్ తుమ్మెద నిలబడి ఉంది. వయసు నలభై రెండు. పద్దెనిమిదేళ్ల ఫీల్డ్ సర్వీసు. నర్సుగా, టూరిస్టు గైడుగా, ఒకసారి మూడు గంటలపాటు శవంగా కూడా నటించి నెగ్గుకొచ్చిన మనిషి.

"కవర్ ఏంటి సార్?"

"స్టూడెంట్‌వి. కరెంటు గ్రిడ్‌లో అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరువి. పోయినతని సీటు నీకిప్పించాం."

"టార్గెట్?"

"స్ట్రాటజీ ల్యాబ్. ఆ కాలేజీలోనే ఒక విదేశీ కన్సల్టెన్సీ నడుపుతోంది. లోపల మన మనిషి ఉన్నారు. 'సిలబస్ మారిందట' అంటారు. 'పరీక్ష మారలేదుగా' అను. ఆ తర్వాత వాళ్లు చెప్పినట్టు నడుచుకో."

బాస్ ఒక కాలిక్యులేటర్ ముందుకు జరిపాడు. లెక్కలు చేస్తుంది, శాతం గుర్తు నొక్కితే ఫొటో కూడా తీస్తుంది. ఆమె దాన్ని అందుకుంటుంటే ఆయన నవ్వాడు. "మార్కుల గురించి బెంగ పెట్టుకోకు. నీది కాళ్ల పని, బుర్ర పని కాదు."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. తొమ్మిదేళ్ల కిందట ప్లానింగ్ విభాగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఇదే బాస్, ఇదే కుర్చీలో కూర్చుని, ఇదే నవ్వుతో అన్నాడు. అప్పుడు సరేనని వచ్చేసింది. ఈసారీ సరేనంది గాని, లోపల ఏదో పళ్లు బిగించుకుంది.

జుట్టుకు కాస్త నెరుపు పూసుకుని, లావుపాటి కళ్లజోడు పెట్టుకుని తుమ్మెద శనివారం క్లాసులో కూర్చుంది. ముప్పై ఇద్దరు విద్యార్థులు. అందరూ ఎక్కడో ఒకచోట ఆఫీసర్లే. ప్రొఫెసర్ బక్కపలచని మనిషి, చొక్కా చేతుల నిండా మార్కర్ మరకలు. ఇరవై ఆరేళ్లుగా స్ట్రాటజీ ఒక్కటే చెబుతున్నాడు. ఈ టర్ముకు ఆయన ఇచ్చిన అసైన్‌మెంట్: మీ సంస్థను ఒక్క రోజులో కూలదోయాలంటే ఎలా? తన ఇంటికి కన్నం ఎక్కడ వేయొచ్చో తెలియనివాడు తలుపు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పలేడని ఆయన నమ్మకం. ఆ ప్రశ్న తన బుర్రలో పుట్టిందని ఆయన అనుకుంటున్నాడు. భోజనాల దగ్గర ల్యాబ్ డైరెక్టరు మాటల్లో మాటగా దాన్ని ఆయన చెవిన వేసిన సంగతి ఆయనకే గుర్తులేదు.

ఆ డైరెక్టరును క్లాసంతా ముత్యం అని పిలిచేది. బూడిదరంగు సూటు, మెడలో సన్నటి గొలుసుకు ఒకే ఒక్క ముత్యం, అడుగు తీసి అడుగు వేస్తే కారిడార్‌లో సంభాషణలు ఆగిపోయేంత అందం.

మొదటి క్విజ్‌లో తుమ్మెదకు ఇరవైకి ఏడు వచ్చాయి. ఇంట్లో అత్తగారు రిటైరైన లెక్కల టీచరు. కోడలు బీమా ఆఫీసులో పనిచేస్తోందనీ, ప్రమోషన్ కోసం చదువుతోందనీ ఆవిడకు ఎరుక. పేపరు అటూ ఇటూ తిప్పి చూసి, నలభై ఏళ్లు ఊళ్లో పిల్లలందరికీ లెక్కలు చెప్పిన ఇంట్లో ఈ ఏడు ఎక్కడినుంచి వచ్చిందని అడిగింది. మర్నాడు పొద్దున వంటింటి బల్ల మీద కూరగాయల బుట్ట పక్కకు నెట్టి నిష్పత్తుల పాఠం మొదలుపెట్టింది. రెండో క్విజ్‌కు పదమూడొచ్చాయి. మూడోదానికి పదిహేడు. తుమ్మెదకు చదువు రుచి తగిలింది. పద్దెనిమిదేళ్లుగా ఒళ్లు హూనం చేసుకుని తెలుసుకున్న విషయాలకు ఇక్కడ పేర్లున్నాయి, బొమ్మలున్నాయి.

పోటీ గురించి చెబుతూ ప్రొఫెసర్ ఒకరోజు, ఏ సంస్థను చూసినా ముందు దాని కస్టమర్ ఎవరో వెతకమన్నాడు. తుమ్మెద ఆ ప్రశ్నను కాలేజీకే వేసి చూసింది. పోయినతనితో కలిపి, ల్యాబ్ ఫీజు మాఫీ చేసి స్కాలర్‌షిప్ ఇచ్చింది అయిదుగురికే. పోయిన ఇంజనీరు, అంటే నీళ్లు. రైల్వే సిగ్నల్ ఆఫీసరు. జోకులు ఎక్కువేస్తాడని అందరూ అతన్ని బావగారు అంటారు. పోర్టులో పనిచేసే ఒక ఆవిడ. పెద్దాసుపత్రి ఆక్సిజన్ ప్లాంటు మేనేజరు. నీడ కదిలినా ఉలిక్కిపడే మనిషి. అయిదోది కరెంటు, అంటే చేరగానే స్కాలర్‌షిప్ దక్కిన తనే. నోటుబుక్కులో ఆ అయిదు పేర్లూ పక్కపక్కన రాసుకుని చూసేసరికి ఆమెకు విషయం అర్థమైంది. ఒక్కో అసైన్‌మెంటూ ఒక్కో తాళంచెవి. అయిదూ ఒకే గుత్తికి చేరితే ఒక ఊరు ఒక్కరోజులో చీకటైపోతుంది. ఫీజు మాఫీ అయినవాళ్లు కస్టమర్లు కారు, సరుకు. కస్టమరు సరిహద్దు అవతల ఉన్నాడు.

ఆ వారమే జిరాక్స్ మెషిన్ దగ్గర ముత్యం ఆమె పక్కన వచ్చి నిలబడింది.

"సిలబస్ మారిందట."

"పరీక్ష మారలేదుగా."

ముత్యం గొంతు తగ్గించి చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు అయిదు పేపర్లూ ఒకే కట్టగా విదేశీ పరీక్షకులకు వెళతాయి. ఆలోపు తను దొంగ పేపర్లు పెట్టేస్తుంది. తుమ్మెద వేలు పెట్టకుండా ఉంటే చాలు. బాస్‌ను అడిగితే, అవును, ఆమె మన మనిషే, తానే తయారుచేశానని గర్వంగా చెప్పాడు.

తుమ్మెద మాత్రం కాంటీన్ ఓనరుతో మాటలు కలిపింది. ఇంజనీరు ఏడాదిలో తన దగ్గర ఒక్క టీ కూడా కొనలేదని, ఫ్లాస్కు తెచ్చుకునేవాడని ఆ పెద్దమనిషి వాపోయాడు. మరి ఆ రోజు కాఫీ? ల్యాబ్‌లోని మెషిన్ నుంచి డైరెక్టర్ మేడమే స్వయంగా తెచ్చి ఇచ్చారు. మంచి మనసు.

శనివారం ల్యాబ్‌లో సందేహం అడిగే నెపంతో తుమ్మెద ముత్యం స్క్రీన్ ముందు నిలబడి, కాలిక్యులేటర్‌లో ఏదో లెక్క చేస్తున్నట్టు శాతం గుర్తు నొక్కింది. ఫోల్డర్‌లో అయిదు ఫైళ్లున్నాయి. అయిదోదాని మీద పోయిన ఇంజనీరు రోల్ నంబరు ఉంది. వెంటనే కాలేజీ మెట్ల కింద నిలబడి బాస్‌కు ఫోన్ చేసింది.

"మాయమైన పేపరు ఆవిడ దగ్గరుంది సార్. మన మనిషే అయితే మీకెందుకు ఇవ్వలేదు?"

బాస్ గొంతు గట్టిపడింది. "ఆవిడ సంగతి నేను చూసుకుంటా. నువ్వు రేపు కాలేజీకి వెళ్లక్కర్లేదు. వెనక్కి వచ్చెయ్. ఇది ఆర్డర్."

"రాను సార్."

పద్దెనిమిదేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.

అరెస్టు చేసే అధికారం ఇక లేదు. వెనకాల మనుషులూ లేరు. ఉన్నదల్లా మర్నాడు క్లాసు ముందు తన వంతుకు వచ్చిన ఇరవై నిమిషాల ప్రెజెంటేషన్. ఇంకొక్కటి: కాలేజీ పోర్టల్ నియమాల్లో, పన్నెండు కొట్టేలోపు ఏ విద్యార్థి అయినా, గైడుగా సంతకం పెట్టిన ప్రొఫెసరైనా పేపరు వెనక్కి తీసుకోవచ్చు. ఒక్క క్లిక్కు చాలు, ల్యాబ్‌లోని కాపీ కూడా చెరిగిపోతుంది.

ఆదివారం పదకొండూ ముప్పై ఆరుకు ఆమె స్టేజీ ఎక్కింది. ముందు వరసలో ముత్యం, చేతిలో నల్లటి లేజర్ పాయింటర్. తెర మీద మొదటి స్లైడు వెలిగింది: ఈ స్ట్రాటజీ ల్యాబ్‌ను ఒక్క రోజులో కూలదోయడం ఎలా?

క్లాసు నవ్వింది. ముత్యం నవ్వలేదు.

తుమ్మెద రెండో స్లైడులో అయిదు స్కాలర్‌షిప్‌లు చూపించింది. మూడోదాంట్లో అయిదింటినీ గీతలతో కలిపింది. కరెంటు పోతే పంపులు ఆగుతాయి, సిగ్నళ్లు ఆగితే డీజిల్ రాదు, పోర్టు మూస్తే సిలిండర్లు రావు, ప్లాంటు ఆగితే ఆసుపత్రి ఎన్ని గంటలు నిలుస్తుందో మేనేజరుగారు తన పేపరులో నిమిషాలతో సహా రాశారు. వెనక వరసలో ఆక్సిజన్ మేనేజరు నోరు తెరిచాడు.

అప్పుడు ఆమె జాకెట్ మీద, ఎడమవైపు, ఎర్రటి చుక్క వాలింది. క్లాసుకు అది మామూలు పాయింటరే. గుండెపోటులా కనిపించే చావు కాఫీలోనే కాదు, సూదిలోనూ పడుతుందని ఆ గదిలో ఇద్దరికే తెలుసు. తుమ్మెద చేతిలోని ఏడొందల పేజీల టెక్స్ట్‌బుక్కును మామూలుగా గుండెలకు ఆనించుకుంది. చుక్క మెల్లగా మెడ వైపు పాకింది. ఆమె ఆపలేదు.

"ఈ ల్యాబ్‌కు కస్టమర్ ఎవరో మీరే తేల్చండి. మనలో ఒకాయనకు మనకంటే ముందే తెలిసింది. ఆయన సమాధానం ఇది."

ఆఖరి స్లైడు మీద ఇంజనీరు మొదటి పేజీ వచ్చింది. నీలి సిరా. ఇవ్వను.

ప్రొఫెసర్ కుర్చీలోంచి లేచాడు. ఆ రాత ఆయన ఏడాదిగా దిద్దుతున్న రాత. ఇంజనీరు చనిపోయే ముందే పేపరు ఇచ్చి వెళ్లాడని ఆయనకు చెప్పింది ముత్యమే. గౌరవంగా దాన్ని తానే తన సంతకంతో కట్టలో చేర్చాడు.

గోడ గడియారం పదకొండూ యాభై ఎనిమిది. ముత్యం తీయగా, టైమైపోయింది, కూర్చోండి అంది. ఎవరూ కదల్లేదు. ముందు బావగారు ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆ రోజు అతను జోకు వేయలేదు.

"నాదీ ఇవ్వను," అని క్లిక్ చేశాడు.

పోర్టు ఆవిడ వెంటనే నొక్కేసింది. ఆక్సిజన్ మేనేజరుకు మౌస్ రెండుసార్లు జారింది. మూడోసారి నొక్కి, స్కూలు పిల్లాడిలా చెయ్యెత్తి, "అయిపోయిందండీ," అన్నాడు. తుమ్మెద పెట్టిన కరెంటు పేపరు మొదటినుంచీ దొంగదే. ఇక మిగిలింది నీళ్లు. చచ్చిపోయినవాడు క్లిక్ చేయలేడు. గైడు చేయగలడు.

ప్రొఫెసర్ పోడియం వైపు నడిచాడు. ఎర్ర చుక్క తుమ్మెద మెడ వదిలి ఆయన వీపు మీదికి దూకింది. ఆమె ఆలోచించలేదు, రెండంగల్లో అడ్డుపడి పుస్తకం చాచింది. టప్‌మని చిన్న శబ్దం. సూది సరిగ్గా మూడొందల పన్నెండో పేజీ దాకా వెళ్లి ఆగింది. మరుక్షణం అదే పుస్తకం ముత్యం మణికట్టు మీద పడింది. పాయింటర్ బెంచీల కిందికి దొర్లిపోయింది. ముత్యం తలుపు వైపు పరుగెత్తేసరికి అక్కడ బావగారు ఎర్ర జెండాలా నిలబడి ఉన్నాడు.

గడియారం ముల్లు పన్నెండు మీదికి రాబోతుండగా ప్రొఫెసర్ మరకల వేలు మౌస్ మీద పడింది. తెర మీద కట్టలో ఒక్క పేపరే మిగిలింది. పన్నెండుకు సరిహద్దు అవతల ఎవరికో చేరింది, కరెంటు గ్రిడ్ గురించి నలభై పేజీల అబద్ధం ఒక్కటే.

బాస్ పన్నెండున్నరకు వచ్చాడు. ముత్యాన్ని వ్యాన్‌లో ఎక్కిస్తుంటే అటు చూడలేక నేల చూశాడు. తర్వాత తుమ్మెదను పక్కకు పిలిచి, ఆర్డర్ ధిక్కరించినందుకు సంజాయిషీ రాసివ్వాలన్నాడు. రాసిస్తానంది. మిషన్ అయిపోయింది, కోర్సు మానెయ్యాలన్నాడు.

"మానను సార్. ఇంకా మూడు టర్ములున్నాయి."

ఆయన వెనక్కి తిరిగి వ్యాన్ ఎక్కాడు.

పది రోజులకు మార్కులొచ్చాయి. ప్రెజెంటేషన్ అద్భుతమని, అయితే ఇచ్చిన సమయం నాలుగు నిమిషాలు మించిందని రాసి ప్రొఫెసర్ బి ప్లస్ వేశాడు. తుమ్మెద ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. కిందికి దిగి, ఆఫీసు కిటికీ ముందు క్యూలో నిలబడి, రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు పెట్టింది.