నలభై ఒకటో నంబరు విద్యార్థి

యంత్రం మొదటిరోజే సైన్సు టీచరుకి ఐదుకి రెండు మార్కులు వేసింది.

ఆకులు పచ్చగా ఎందుకుంటాయన్న ప్రశ్నకి ఆరేళ్లుగా ఏడో తరగతికి జవాబు చెబుతున్న మనిషి ఆమె. ఆ జవాబునే రెండు వాక్యాల్లో రాసి, చూద్దాం దీని సంగతేంటో అని స్కానర్ కింద పెట్టింది. తెరమీద నక్షత్రాలు కాసేపు గిరగిరా తిరిగాయి. "ప్రయత్నం బాగుంది. ఇంకా వివరంగా రాయడం సాధన చేయండి" అని వచ్చింది.

యంత్రాన్ని తెచ్చిన కుర్రాడు నవ్వు ఆపుకుందామని పెదవి కొరుక్కున్నాడు. ఆగలేదు.

"నవ్వండి. మీ యంత్రం దగ్గర నేను ఫెయిలయ్యాను కదా," అందామె.

"ఫెయిల్ కాదండీ. పాస్ మార్కు ముప్పైఐదు శాతం. మీకు నలభై వచ్చింది."

ఆమె సొరుగులోంచి కొత్త ఫ్యాను పెట్టెలో వచ్చిన కాగితం ఒకటి తీసింది. ఫ్యాను ఎలా బిగించాలో సాగదీసి సాగదీసి నాలుగు పేరాల్లో రాసి ఉంది. దాని అడుగున "పత్రహరితం" అని ఒక్క ముక్క గీకి, స్కానర్ కింద పెట్టింది. నక్షత్రాలు తిరిగాయి. ఐదుకి నాలుగు. "విషయ పరిజ్ఞానం మెచ్చుకోదగినది" అని కూడా వచ్చింది.

"ఇప్పుడు నవ్వండి," అంది.

ఆ కుర్రాడి ముఖం మాడిపోయింది. మనసు మాత్రం అక్కడే, ఆ ఫ్యాను కాగితం దగ్గరే, ఆమె పరమైపోయింది. తన యంత్రం గాలి ఇంత తేలిగ్గా తీసేసిన మనిషిని అతను అంతవరకు చూడలేదు.

పిల్లలు అతనికి ఆ రోజే యంత్రం సారు అని పేరు పెట్టేశారు. జవాబు పత్రాలు దిద్దే యంత్రాన్ని ఒక నెలపాటు బడిలో నడిపి చూసి, అది పనికొస్తుందో లేదో రిపోర్టు రాయడం అతని పని. పద్ధతి చాలా సులువు. ఒకే పేపరుని ఇటు యంత్రమూ అటు టీచరూ ఒకరి మార్కులు ఒకరికి తెలియకుండా దిద్దాలి. ఇద్దరికీ రెండు మార్కుల కన్నా ఎక్కువ తేడా వస్తే టీచరూ అతనూ కూర్చుని మాట్లాడుకోవాలి. అప్పటికీ తేలకపోతే మూడో మనిషి చూడాలి.

యంత్రాన్ని పరీక్షించడానికి ఒక దొంగ విద్యార్థి కూడా కావాలి. తరగతిలో నలభైమంది ఉన్నారు కాబట్టి నలభై ఒకటో నంబరు పుట్టాడు. వాడి తరఫున జవాబులు రాసేది యంత్రం సారే. అయితే సంరక్షకుడి ఫోను నంబరు లేనిదే విద్యార్థిని చేర్చుకోనని యంత్రం మొండికేసింది. తన నంబరు ఇచ్చాడు. మీరు సిబ్బంది, చెల్లదంది. ఆమె నంబరు ఇస్తే అదే మాట.

"మా నాన్నది పెట్టేయండి. టైం చూసుకోవడానికి తప్ప ఆయన ఫోను తీయరు," అందామె.

అతను పెట్టేశాడు. సంరక్షకులకి సందేశాలు వెళ్లే మీట ఒకటుంటుంది, దాన్ని ఆపాలి. ఆ సమయంలో ఆమె జడ ముందుకు వేసుకుంటోంది. మీట సంగతి మర్చిపోయాడు.

మొదటి వారంలోనే మార్కుల తేడా వచ్చింది. స్టాఫ్ రూంలో కిటికీ పక్క బల్ల దగ్గర, బయట వాన పడుతుండగా, చెరో టీ గ్లాసు పట్టుకుని అరగంట మాట్లాడుకున్నారు. పది నిమిషాలు మార్కుల గురించి, ఇరవై నిమిషాలు దేని గురించో ఇద్దరికీ గుర్తులేదు. మర్నాడు అన్ని పేపర్లలో మార్కులు సరిగ్గా కలిశాయి. రిపోర్టు రాసేవాడు సంతోషించాల్సిన విషయమది. అతను మాత్రం ఏదో పోగొట్టుకున్నవాడిలా సాయంత్రందాకా తిరిగాడు.

అప్పుడే అతని బుర్రలో పురుగు తొలిచింది. తేడా రావాలంటే, యంత్రం మెచ్చుకుని టీచరు మెచ్చుకోని జవాబు రాస్తే సరిపోతుంది కదా.

ఆ రోజునుంచి నలభై ఒకటి విజృంభించాడు. మనిషి ఎముకల గురించి రాయమంటే, "మొత్తం రెండు వందల ఆరు. వాటిలో అందమైనవి మా టీచరు నవ్వితే కనబడే పై వరస" అని రాశాడు. యంత్రం నాలుగు వేసింది. ఆమె ఎర్ర పెన్నుతో, "పళ్లు ఎముకలు కావు. సున్నా" అని రాసింది.

"పళ్లు ఎముకలు కావా?" అన్నాడు బల్ల దగ్గర.

"కావు. ఇంతకీ ఇది యంత్రానికి పరీక్షా, నాకా?"

"యంత్రానికేనండీ," అని నీళ్లు నమిలాడు.

ఇలా తొమ్మిది తేడాలు, తొమ్మిది టీలు అయ్యాయి. నెల ఇట్టే గడిచిపోయింది. శుక్రవారం సాయంత్రానికి అతను యంత్రాన్ని పెట్టెలో సర్దుకుని ఇంకో ఊరి బడికి వెళ్లిపోవాలి. ఆ తర్వాత ఈ బల్లా ఉండదు, ఈ టీచరూ ఉండదు. అయినా నోరు విప్పి చెప్పలేకపోయాడు. పేపరు కనిపించగానే అన్ని వేషాలు వేసే మనిషికి, ఆమె ఎదురుగా ఉంటే అసలు మాట తప్ప అన్నీ నోటికొచ్చేవి.

గురువారం ఆఖరి ప్రశ్న, విత్తనం మొలకెత్తడానికి ఏమేం కావాలి? నలభై ఒకటి చాలాసేపు పెన్ను కొరికి జవాబు రాశాడు. స్కాన్ చేసి, కాగితాన్ని ఆమె కట్టలో అడుగున దూర్చి, తేలు కుట్టిన దొంగలా ఇంటికి పోయాడు.

శుక్రవారం తల్లిదండ్రుల సమావేశం. హెడ్మిస్ట్రెస్ యంత్రం ఇచ్చిన జాబితా చూసి ఒక్కొక్క నంబరే పిలుస్తోంది. తరగతిలో నలభైమందే కదా అని ఆవిడకీ అనుమానం రాకపోలేదు. కానీ యంత్రం లెక్క తప్పదని తనకు తనే సర్దిచెప్పుకుంది.

"నలభై ఒకటి తాలూకు ఎవరైనా వచ్చారా?"

"వచ్చానండీ," అంటూ తడిసిన గొడుగు మడుస్తూ ఒక పెద్దాయన లేచాడు.

సైన్సు టీచరు కుర్చీలోంచి చటుక్కున లేచింది. ఆయన వాళ్ల నాన్న. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు.

"నాన్నా, నువ్వేంటి ఇక్కడ?"

"నా పిల్లాడి మార్కులు అడగడానికొచ్చానమ్మా. నెలరోజులుగా నా ఫోనుకి వస్తున్నాయి, పేపర్లతో సహా. వాడికి ఎవరూ లేరేమో, ఎవరో నా నంబరు ఇచ్చి చేర్పించారనుకున్నాను. ఆ సందేశాలకి జవాబులు కూడా రాశాను. ఒక్కరూ పలకలేదు."

హెడ్మిస్ట్రెస్ యంత్రంలో ఎవరూ ఎప్పుడూ తెరవని గడి ఒకటి తెరిచింది. "వాణ్ని కొట్టకండి." "పొద్దున ఏమన్నా తిని వస్తున్నాడా?" "వీడికి సైన్సు కన్నా టీచరు మీద శ్రద్ధ ఎక్కువ, గమనించగలరు." ఇలాంటివి పదకొండు ఉన్నాయి.

ఇక దాచి లాభం లేదని యంత్రం సారు లేచి నిలబడ్డాడు. "నలభై ఒకటి లేడండీ. వాడు నేనే. మాట్లాడే వంక కోసం తేడాలు కావాలనే తెప్పించాను. వాడి మార్కులన్నీ రిపోర్టులోంచి కొట్టేస్తాను. సరైన జవాబుకి టిక్కు పెట్టే ప్రశ్నలకి యంత్రం బాగానే పనికొస్తుంది, తరగతి మొత్తం ఎక్కడ తడబడుతోందో కూడా చెబుతుంది. సొంతంగా రాసే జవాబులు మాత్రం టీచరే దిద్దాలని రాశాను. తప్పంతా నాదే."

"అంతా నీది కాదు బాబూ," అన్నారు మాస్టారు. సంచిలోంచి నోటుపుస్తకం తీశారు. "ఈ పేపర్లు నేనూ దిద్దాను. ఎముకల లెక్క సరిగ్గానే రాశావు. పళ్లకి తీసేసినా మూడు రావాలి. అలాంటివి తొమ్మిది ఉన్నాయి. అన్నిటికీ మా అమ్మాయి సున్నాలు చుట్టింది. పిల్లలకి రావాల్సిన అర మార్కు కూడా ఉంచుకోని మనిషి. ఏమ్మా, మూడు వేస్తే ఏమయ్యేది?"

ఆమె కిటికీలోంచి వాన చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"తేడా ఒక్క మార్కే వచ్చేది నాన్నా," అంది చిన్నగా. "మాట్లాడుకునే పని ఉండేది కాదు."

యంత్రం సారుకి అప్పుడు వెలిగింది. తను పన్నిన వల అనుకున్నదానికి రెండో కొస ఇన్నాళ్లూ ఆమె చేతిలో ఉందన్నమాట.

"మరి నిన్నటిదో?" అన్నారు మాస్టారు. కళ్లజోడు సర్దుకుని ఫోనులోంచి చదివారు. "నీరు, గాలి, వెచ్చదనం. ఈ మూడూ నాకు నెలరోజులుగా స్టాఫ్ రూంలో కిటికీ పక్క బల్ల దగ్గర దొరికాయి. రేపటి తర్వాత దొరకవు. నాకు మీరంటే ఇష్టం. మీకు అభ్యంతరం లేకపోతే ఇవి జీవితాంతం దొరికే ఏర్పాటు చేసుకోవాలని ఉంది."

గదిలో ఉన్న తల్లిదండ్రులందరూ తమ పిల్లల మార్కులు మర్చిపోయారు.

"యంత్రం ఐదు వేసింది. జవాబు పొడవు బాగుందట. అమ్మాయ్, నీ గడి ఖాళీగా ఉంది," అన్నారు మాస్టారు.

"రాత్రంతా ఆలోచించాను నాన్నా. ఏమీ వేయలేకపోయాను."

"ఇప్పుడు వెయ్యి."

ఆమె కట్ట విప్పి అడుగున ఉన్న కాగితం తీసింది. ఎర్ర పెన్ను మూత తీసి, ఒకసారి యంత్రం సారు వైపు చూసింది. ఆమె గడిలో ఐదు వేసి, పక్కన సంతకం పెట్టి, కాగితం అతని చేతికిచ్చింది.

"తేడా లేదు," అన్నాడతను.

"తేడా లేకపోతే మూడో మనిషితో పని లేదు కదా," అని మాస్టారు గొడుగు తీసుకుని గుమ్మం దాటారు.

కాసేపటికి హెడ్మిస్ట్రెస్ ముందున్న తెర టింగుమంది. నలభై ఒకటి సంరక్షకుడి దగ్గరనుంచి పన్నెండో సందేశం.

"ఆదివారం పిల్లాణ్ని ఇంటికి పంపండి. వాళ్ల పెద్దవాళ్లని కూడా తీసుకురమ్మనండి."