ఆఖరి షెడ్డు

హతులు నలభై వేలు. అందరూ టర్కీ కోళ్ళే. హంతకుడు ప్రభుత్వం.

"తప్పలేదయ్యా," అన్నాడు చీఫ్ రోలాండ్, కాఫీ కప్పు ముందుకు తోస్తూ. మిన్నెసోటా పశు ఆరోగ్య శాఖలో చీఫ్ గొప్పవాడే గానీ కాఫీ మరీ చీపు. "డ్యూయేన్ అనే రైతు షెడ్డులో బర్డ్ ఫ్లూ. కోళ్ళిక కోలుకోవు. ఒకదానికొస్తే అన్నిటినీ చంపాల్సిందే. ఆ చుట్టుపక్కల మిగిలింది ఒక్కటే షెడ్డు, వెర్నా అనే ముసలావిడది. అదీ పోతే ఆవిడకి ఇల్లు కూడా దక్కదు."

"శత్రువెవరు సార్?" అన్నాడు ఏజెంట్ ఆర్లో.

"విదేశీ ముఠా. మన కోళ్ళు పోతే వాళ్ళ కోళ్ళకి గిరాకీ. టీకా అని చెప్పి సీసాల్లో వైరస్సే పంచుతున్నారు. వైరికి వైరస్ తోడు! లోపల మన మనిషి ఉంది, కమీల్."

"మన మనిషేనా?"

"మన జీతం తీసుకుంటుంది. వాళ్ళదీ తీసుకుంటుంది."

కోడ్ ఇచ్చారు. "చలి ఎలా ఉంది?" అంటే "ఇంతకన్నా ఘోరంగా ఉండొచ్చుగా" అనాలి. దాణా లారీ డ్రైవర్ వేషంలో ఆర్లో ఊళ్ళో దిగాడు. పెట్రోలు బంకువాడు ఆ మాటే అన్నాడు. పోస్ట్‌మాన్ అన్నాడు. పాస్టరు భార్యా అంది. మిన్నెసోటాలో అందరూ అనేది అదే మాట. ఊరంతా గూఢచారులే!

కాగితం సూటు తొడిగి, బూట్లు మందునీళ్ళలో ముంచి వెర్నా షెడ్డులోకి వెళ్ళాడు. నీళ్ళ ట్యాంకు దగ్గర ఎర్రకోటు అందగత్తె, చేతిలో సీసా.

"చలి ఎలా ఉంది?"

"చచ్చే చలి!" అంది కమీల్.

కోడ్ చెప్పలేదంటే ఇవాళ అవతలి జీతం డ్యూటీలో ఉన్నట్టే. సీసా మూత ఊడింది. సీసా వంగింది. ఆర్లో దూకాడు. అంచున వేలాడుతున్న చుక్క అతని గ్లవ్‌లో పడింది. లైటర్‌లా కనబడే వైరస్ పరీక్ష పరికరం దానికి ఆనించాడు. ఎర్ర దీపం! కమీల్ చేతులకి బేడీలు పడ్డాయి.

"ఏంటి నాయనా ఈ గోల? నా పిల్లలు బెదిరిపోతున్నాయి," అంటూ వెర్నా వచ్చింది.

"గండం తప్పిందమ్మా. ఇక మీ కోళ్ళకి ఢోకా లేదు."

"ఆ డ్యూయేన్‌కీ ఇలా ఎవరైనా అడ్డుపడి ఉంటే..." కళ్ళు తుడుచుకుంది. "పొద్దున వాడికి మాంసం, బంగాళాదుంపల హాట్‌డిష్ చేసి పట్టుకెళ్ళా. ముద్ద దిగలేదు పాపం. ఖాళీ షెడ్డు చూపిస్తానన్నాడు, వెంట వెళ్ళా. నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు."

ఆర్లో చటుక్కున ఆమె వైపు తిరిగాడు. "లోపలికి రావద్దని గేటుకి బోర్డు లేదా?"

"ఉందిలే. అది బయటివాళ్ళకి. మేం పక్కింటివాళ్ళం కదా!"

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది? వచ్చి వీటికి మేతేశా."

ఆమె బూటు మడమకి తెల్లటి ఈక అంటుకుని ఉంది. కమీల్ నవ్వబోయి, ముసలమ్మ మొహం చూసి మానేసింది.

గురువారానికి షెడ్డు మూగబోయింది.

"ముఠా మొత్తం దొరికింది, శభాష్!" ఫోన్లో చీఫ్ గొంతు. "మరి వైరస్‌ని లోపలికి తెచ్చిందెవరు? పరారీలో ఉన్నాడా?"

వాకిట్లో గ్యాసు లారీ వెనక్కి తిరుగుతోంది. కోళ్ళని చంపడానికొచ్చిన కుర్రాళ్ళని వెర్నా వంటింటి గుమ్మంలోంచి కేకేస్తోంది.

"లేదు సార్," అన్నాడు ఆర్లో. "అందర్నీ భోజనానికి పిలుస్తోంది."