వెలగని సిగ్నల్

ఆ రోజు ఆ ఇంట్లో నలుగురున్నారు. కింది వాటాలో రైలు డ్రైవర్ భార్య, ఆమె అత్తగారు. పై వాటాలో అద్దెకున్న సంగీతం టీచర్. వరండాలో కుట్టుమిషన్ ముందు టైలరమ్మ. డ్రైవర్ డ్యూటీలో ఉన్నాడు.

వీళ్లలో ఇద్దరు పైకి కనిపించినట్టు మామూలువాళ్లు కారు. టైలరమ్మ కోడ్ నేమ్ పిచ్చుక. సంగీతం టీచర్ కోడ్ నేమ్ నెమలి. ఇద్దరిదీ ఒకే ఏజెన్సీ. దగ్గర్లోని రైలు వంతెన మీద ఒక విదేశీ ముఠా కన్నేసిందని తెలిసి, పట్టాల పక్కనున్న ఈ ఇంటికి చీఫ్ వాళ్లను పంపాడు.

"పిచ్చుకా, నెమలి చెప్పినట్టు చెయ్యి," అన్నాడు బ్రీఫింగ్‌లో.

పిచ్చుక ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పలేదు.

ఉదయం పది ఇరవైకి నెమలి సెంటు వాసనతో మెట్లు దిగింది. చేతిలో సూట్‌కేస్.

"వెళ్తున్నావా?" అంది పిచ్చుక.

"పనైపోయింది."

"ఏ పని?"

నెమలి గొంతు తగ్గించింది. "మరమ్మతుకని వంతెన మీద బోల్టులు విప్పారు. ఇరవై స్పీడు దాటితే రైలు నదిలోకే. ఆ సంగతి రాసిన కాషన్ కాగితం వెనక స్టేషన్లో డ్రైవర్‌కిస్తారు. దాన్ని మార్చేశాను. దారిలో స్పీడు బోర్డులూ పీకించాను. పది నలభైకి మీ డ్రైవర్ వంద మీద వస్తాడు. మావాళ్లు చంపాలనుకున్న సైంటిస్ట్ ఆ రైల్లోనే ఉన్నాడు."

"ఆ ముఠా నీవాళ్లా?"

"నీ దారపు రీలు వెతుక్కోకు. నా దగ్గరుంది."

ఆమెకి చీఫ్‌తో మాట్లాడే ఒకే దారి ఆ రీలు; అందులోనే ట్రాన్స్‌మిటర్ ఉంది. గేటు బయట కారు కదిలింది.

వంటింట్లో పోపు వేగుతోంది. అలమరలో ఉన్న డ్రైవర్ భార్య ఫోన్ తీసుకుని పిచ్చుక పెరట్లోకి పరిగెత్తి, వెనక స్టేషన్‌కి చేసింది.

"ఎవరండీ?"

"టైలర్ని. వంతెన..."

"వంతెన సంగతి మాకు తెలుసమ్మా. డ్రైవర్‌కి కాగితం ఇచ్చేశాం. మీరు జాకెట్లు కుట్టుకోండి."

మళ్లీ చేస్తే ఎత్తలేదు. డ్యూటీలో డ్రైవర్ ఫోన్ ఆపేసి ఉంటుంది. పది ఇరవై ఎనిమిది. ఏడు భాషలూ, నాలుగు రకాల పిస్తోళ్లూ నేర్చుకున్న పిచ్చుక చేతులు వేలాడేసుకుని నిలబడింది. పెరటి గోడ అవతల సిగ్నల్ ఆకుపచ్చగా వెలుగుతోంది.

అత్తగారు గడపలో కూర్చుని చిక్కుళ్లకి ఈనెలు తీస్తోంది.

"పెద్దమ్మా, దాన్ని ఎర్రగా చెయ్యాలంటే?"

"మన వల్ల అవుతుందా? అది కేబిన్‌లోవాళ్ల పని. మా ఆయనా డ్రైవరే, పరీక్షకి ముందు రూళ్లన్నీ నాకే అప్పజెప్పేవారు. ఆకుపచ్చయితే వెళ్లు. రెండు పసుపులైతే తగ్గు. ఒక్క పసుపైతే ముందు ఆగడానికి సిద్ధపడు. ఎరుపైతే ఆగు. అసలు ఏదీ వెలక్కపోతే?"

"వెలక్కపోతే?"

"ఎరుపే అనుకుని ఆగు. గుడ్డిదీపాన్ని నమ్మకూడదు తల్లీ."

పిచ్చుక మిషన్ మీదున్న పట్టుచీర లాక్కుని గోడ దూకింది. ఫాల్ కుట్టమని డ్రైవర్ భార్య ఇచ్చిన చీర అది. సిగ్నల్ నిచ్చెన ఇనుము చేతులు కాల్చింది. చీర నాలుగు మడతలు వేసి దీపాలన్నిటికీ చుట్టింది. ఆకుపచ్చ ఆరిపోయింది.

తిన్నటి పట్టాల చివర రైలు చుక్కలా కనిపించింది. చుక్క పెద్దదవుతోంది. ఆమె చేయగలిగింది ఇంకేమీ లేదు. నిచ్చెన పట్టుకుని చూడటమే.

బ్రేకులు కీచుమన్నాయి. ఇంజను ఆమె కిందుగా జారిపోయి, వంతెనకి ఒక రైలుపెట్టె పొడవు దూరంలో ఆగింది.

డ్రైవర్ దిగి తలెత్తాడు. "టైలరమ్మా, అక్కడేం చేస్తున్నారు?"

"వంతెన చూడండి అన్నయ్యా."

చూసొచ్చి ఇంజను ముందు ఎర్రజెండా పాతాడు.

రైలు కదలకపోవడంతో లెవెల్ క్రాసింగ్ గేటు తెరుచుకోలేదు. గేటు ముందు ఇరుక్కున్న నెమలి దారపు రీలుతో సహా పిచ్చుకకి అక్కడే దొరికింది. మధ్యాహ్నం చీఫ్ వచ్చి, ఇంట్లో కూడా చెప్పనని డ్రైవర్ చేత సంతకం పెట్టించుకున్నాడు. సిగ్నల్ పాడైందని రిపోర్టు రాశారు. పిచ్చుకకి, "నువ్వెవరో ఎవరికీ తెలియకూడదు," అన్నాడు.

సాయంత్రం ఆమె మిషన్ కోసం ఆ ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన డ్రైవర్ భార్య చేతిలో గ్రీజు మరకలతో చిరిగిన చీర ఉంది.

"మా అమ్మ పోయాక మిగిలింది ఇదొక్కటే అక్కా. సిగ్నల్‌కి కట్టావని అత్తయ్య చెప్పారు. నీకు మనసెలా ఒప్పింది?"

పిచ్చుక ఆమె భుజం మీదుగా తొంగిచూసింది. లోపల అన్నం ముందు కూర్చున్న డ్రైవర్ తలెత్తి చూసి, మళ్లీ కంచంలోకి దించుకున్నాడు.

"అన్నయ్య కులాసాయేనా?"

"ఆయనకేం? నీ పుణ్యమా అని మూడు గంటలు లేటు."

"ఎవరే అమ్మాయ్?" లోపలి నుంచి అత్తగారి గొంతు.

"ఎవరూ కాదు అత్తయ్యా," అని ఆమె తలుపు వేసేసింది.