కెమెరా సంచిలో మువ్వలు

ఆదివారం. జీవకోన ఇళ్ళ మీద కొండ నీడ ఇంకా తొలగలేదు. ప్రసన్నకుమారి ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, చెనిగ్గింజల చట్నీకి మిక్సీ మూత బిగించబోతుండగా గేటు దగ్గర ఈల వినబడింది. రెండుసార్లు పొడుగ్గా, ఒకసారి పొట్టిగా, చివర్న పైకి లేచి ఆగిపోయే ఈల.

చెయ్యి తుడుచుకోకుండానే పోయి గేటు గడియ తీసింది. వీధిలో ఎవరూ లేరు. ఎదురింటి వాకిట్లో నిన్నటి ముగ్గు సగం చెరిగి ఉంది. పైన కొండ ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

మూడేళ్ళుగా ఇంతే. కొడుకు భానుచందర్ బయటి నుంచి ఎప్పుడొచ్చినా గేటు కొట్టేవాడు కాదు, ఆ ఈల వేసేవాడు. "అమ్మా అని పిలిచేదానికి నోరు లేదా నాయనా?" అని విసుక్కుంటూనే ఆమె గడియ తీసేది. కెమెరా మెడలో వేసుకుని పిట్టల కోసం కొండలన్నీ తిరిగేవాడు. ఒక ఆదివారం పిట్టలు చూసేవాళ్ళ గుంపుతో మామండూరు అడవికి పోయి, ఏదో పిట్ట కోసం వెనకబడి, నాచు పట్టిన బండ మీద జారిపోయాడు. మర్నాడు దొరికాడు, నడిచే దారికి కూతవేటు దూరంలోనే. తోడు పోయినవాళ్ళు పేరు పెట్టి అరుస్తూ ఆ బండ పక్కనుంచే నడిచారట.

అడవిలో చప్పుడు చెయ్యకూడదు, గట్టిగా మాట్లాడకూడదు అనేది పిట్టలు చూసేవాళ్ళ కట్టుబాటు. ఆ కట్టుబాటే తన బిడ్డను మింగిందని ప్రసన్న నమ్మకం. వాడి దగ్గర నుంచి చిన్న చప్పుడు వచ్చి ఉన్నా ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు కదా!

ఈ మాట అందరితోనూ అనేది. ఈల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే మతి చెడిందంటారు.

గడియ పెట్టి లోపలికి వచ్చేసరికి హాల్లో టీవీ మోత. భర్త జయరావు బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గుమాస్తా. మెతక మనిషి. ఒక్క ఈ అలవాటు మాత్రం మొండిది. పొద్దున లేస్తూనే భక్తి చానల్ పెట్టి సౌండు ఆఖరి దాకా పెంచుతాడు.

"దేవుడికేమన్నా చెవుడొచ్చిందా, పొద్దన్నే ఆ గోలేంది?"

"నాలుగు మంచి మాటలు చెవిన పడనీమే," అన్నాడు రిమోటు వదలకుండా.

కూతురు లోహిత మాసిన ఆకుపచ్చ చొక్కా వేసుకుని, జుట్టు ముడి వేసుకుంటూ గదిలోంచి వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం. భుజాన అన్న కెమెరా సంచి. బీరువా మీద దుమ్ము పట్టి ఉన్న ఆ కెమెరాను పోయిన వినాయక చవితికి జయరావే కిందికి దించి కూతురి చేతికిచ్చాడు. ఆ తర్వాత చాలా రోజులు ప్రసన్న అతనితో మాట్లాడలేదు. "ఒకడ్ని తినింది చాల్లేదా? పాపను గూడా దానికి పెడతావా?" అని మాత్రం అడిగింది.

"బిన్నా పోవాల మా, వ్యాను వచ్చేస్తాది."

"టోపీ?"

"ఉండాది."

"నీళ్ళు? తేలు కుడితే మందు?"

"నేను పోయేది పిట్టల్ని చూసేదానికి మా, యుద్ధానికి కాదు."

"నవ్వు, నవ్వు. కొండ కింద చిరుత తిరగతాండాదని నిన్న టీవీలో చూపించినారు."

"నా ఫొటోలు చూసిందంటే ఆ చిరుతే ఏడ్చుకుంటా అడివిలోకి పోతాది."

ఆ మాట అబద్ధం కాదు. లోహిత ఇన్ని నెలలుగా తెచ్చినవన్నీ ఖాళీ కొమ్మల ఫొటోలే. పిట్ట ఎగిరిపోయాక ఊగుతున్న కొమ్మ, లేకపోతే ఒక తోక చివర. "కట్టెల అడితివాడికి చూపిద్దాం పాపా, కొమ్మలు బ్రహ్మాండంగా వచ్చినాయి," అని జయరావు ఎగతాళి చేసేవాడు. ప్రసన్నకు మాత్రం ఆ ఖాళీ కొమ్మలు ఎవరో ఇప్పుడే లేచిపోయిన చోటులా ఉండేవి.

ఆ కొమ్మలెందుకు ఖాళీగా ఉంటున్నాయో ఈ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

టిఫిన్ డబ్బా సర్దే వంకతో సంచి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కదిపింది. అడుగున సన్నగా గలగల. ప్రాణం కుదుటపడింది. ప్రసన్న వీధి వాళ్ళందరికీ రవికలు కుట్టే మనిషి. కెమెరా లోహిత చేతికి వచ్చిన వారంలోనే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు సంచి అడుగు కుట్లు విప్పి, స్పాంజి మధ్య మువ్వలు పెట్టి, తేడా తెలియకుండా మళ్ళీ కుట్టేసింది. భాను పాకే వయసులో వాడి కాళ్ళకు వేసిన వెండి మువ్వలు. బిడ్డ వాకిలి దాటినా, నీళ్ళ తొట్టి వైపు పోయినా తల్లికి తెలియాలని వేసేవి. ఎదిగిన బిడ్డ కాళ్ళకు వెయ్యడం కుదరదు కాబట్టి సంచిలో వేసింది. అందులో తప్పేముందో ఆమెకు అర్థం కాలేదు. లోహితేమో అది సంచి కొక్కేల చప్పుడనుకునేది.

ఎప్పుడూ సాయంత్రానికి వచ్చే పిల్ల, ఆ రోజు మధ్యాహ్నానికే వచ్చింది. గేటు ధడాలున తెరుచుకుంది. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా కుట్టు మిషను దగ్గరికి వచ్చింది.

"కత్తెర యాడ?"

"ఏమైంది పాపా? పడినావా? ఏదన్నా కుట్టిందా?"

లోహిత మిషను సొరుగు లాగింది. కత్తెర తీసుకుని సంచి అడుగు కోసింది. స్పాంజి చీలి, మువ్వలు గచ్చు మీద పడి మిషను కిందికి దొర్లాయి. ఆ చిన్న చప్పుడుకు, మంచం మీద పడుకున్న జయరావు లేచి కూర్చున్నాడు.

"ఏదో గలగలకు పిట్టలన్నీ ఎగిరిపోతాండాయని పెంచలయ్య సారు అందర్నీ నిలబెట్టి జేబులు ఎతకమన్నాడు మా. తాళాలెవురివి, చిల్లరెవురిది అని. కడాకి నా బ్యాగు పట్టుకోని ఇట్ల ఊపినాడు. అందరూ నా పక్క చూసినారు." పెంచలయ్య ఈ ఆదివారం నడకలను నడిపించే రిటైర్డు లెక్చరరు. "అరవలా ఆయన. 'ఇది తీసేసినాకనే రా పాపా' అన్నాడు. అరిసుంటే బాగుండు."

"నీ మంచికే గదా..."

"నా మంచికా? ఇన్నాళ్ళూ నేనేమనుకున్నానో తెలుసునా నీకు? అన్నకు నా మీద కోపమనుకున్నా. వాడి కెమెరా ముట్టుకున్నానని, ఒక్క పిట్టను గూడా నా ముందరికి రానీకుండా చేస్తాండాడనుకున్నా. దుప్పటి కప్పుకోని వాడికి చెప్పుకుంటాన్యా, నన్ను మన్నించురా అని!"

ప్రసన్న పాము కరుస్తుందని భయపడింది, కాలు జారుతుందని భయపడింది. పక్క గదిలో కూతురు చచ్చిపోయిన అన్నకు క్షమాపణలు చెప్పుకుంటుందని ఏ రోజూ భయపడలేదు.

అయినా భయమే ముందుగా నోరు తెరిచింది. "మరి నువ్వు పడితే యాడ పడినావో నాకు తెలీద్దా? మీ అన్నను ఎతికినవాళ్ళు వాడి పక్కనుంచే పోయినారు గదే! గమ్మునుండాలంట, గమ్మున! గమ్మునుండే గదా వాడు పోయినాడు!"

జయరావు వంగి ఒక మువ్వ తీసుకున్నాడు. అరచేతిలో దొర్లించి చూశాడు.

"ఇవి వాడివి," అన్నాడు. తర్వాత మెల్లగా, "ఇవి కాళ్ళకుండంగానే వాడు మిద్దె మెట్ల మీద పడినాడు, గెవనముందా ప్రసన్నా? మోగినాయి. నువ్వూ ఇన్న్యావు, నేనూ ఇన్న్యాను. మనం పోయేలోపల పడనే పడినాడు."

ప్రసన్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిద్దె మెట్లు, చిట్లిన కనుబొమ్మ, తన రవిక మీద రక్తం అన్నీ గుర్తొచ్చాయి. మువ్వలు మోగుతూనే ఉన్నాయి ఆ రోజు.

లోహిత కింద కూర్చుని తల్లి మోకాలి మీద చెయ్యి వేసింది. "ఒక్కసారి నాతో రా మా. వాడు తిరిగింది యాడనో, నేను పోయేది యాడికో సూడు. సూసినాక గూడా వద్దంటే నేను పోను. కెమెరా మళ్ళా బీరువా మీదనే పెట్టేస్తా."

మరుసటి ఆదివారం ముగ్గురూ బయలుదేరారు. ఎర్ర చీరలూ పసుపు చీరలూ వద్దని కూతురు చెప్పడంతో, ప్రసన్న బీరువా అంతా వెతికి మట్టి రంగు నూలు చీర ఒకటి కట్టుకుంది. వ్యానులో దారి పొడుగునా విష్ణు సహస్రనామం చదువుతూనే ఉంది. అడవిలో అడుగు పెట్టాక పెంచలయ్య ఆమె దగ్గరకు వచ్చి దణ్ణం పెట్టాడు. "మీకు భయమైతే ఎప్పుడైనా నా చొక్కా లాగండమ్మా, వెనక్కి తిరిగిపోదాం," అన్నాడు. భానును ఆ రోజు నడకకు తీసుకుపోయిందీ ఈయనే. ఆయన మీద అరవాలని మూడేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ మింగి, ఆమె కూడా దణ్ణం పెట్టింది.

వెదురు పొదల మధ్య సన్నని కాలువ. దాని పక్కన అందరూ బండల మీద కూర్చున్నారు. ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం ప్రసన్నకు గుండె మీద రాయి పెట్టినట్టుంది. ఇట్లాంటి చోటే కదా వాడు పడి ఉన్నాడు. ఇట్లాంటి నిశ్శబ్దాన్నే కదా ఆ రాత్రంతా విన్నాడు. లేచి గట్టిగా కేక పెట్టాలనిపించింది. కూతురి చెయ్యి ఆమె చేతిని పట్టుకునే ఉంది.

అప్పుడు ఈల వినబడింది.

రెండుసార్లు పొడుగ్గా, ఒకసారి పొట్టిగా, చివర్న పైకి లేచి.

ప్రసన్నకు కొడుకు పేరు నోటి దాకా వచ్చింది. తన వాలకం ఎవరూ చూడలేదు కదా అని భయంగా వెనక్కి చూసింది. జయరావు కుడిచెయ్యి గాలిలో దేనికోసమో తడుముతోంది. ఇంట్లో పొద్దున్నే టీవీ రిమోటు కోసం తడిమినట్టు. లోహిత కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. ఇద్దరిలో ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. వాళ్ళకిది కొత్తగా వింటున్న ఈల కాదు.

"నీకూ ఇనపడతాదా?" అంది గుసగుసగా.

"తెల్లారితే చాలు. గేటు కాడ," అన్నాడు జయరావు. కళ్ళలో నీళ్ళు. "నీకు ఇనపడితే తట్టుకోలేవని సౌండు పెంచుతాన్యా."

"నేను కిటికీ మూసేస్తా మా," అంది లోహిత. "నాకు పిచ్చి పట్టిందేమో అనుకున్నా."

మూడేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే ఈల విని, ఒకరికి తెలియకుండా ఒకరు గేటు తీసి, టీవీ పెట్టి, కిటికీ మూసుకున్నారు. ప్రసన్నకు ఏడుపు తన్నుకొచ్చింది. చప్పుడు రాకుండా నోట్లో కొంగు కుక్కుకుంది.

పెంచలయ్య వేలితో చూపించాడు. కాలువ అవతల వెదురు కొమ్మ మీద నల్లని పిట్ట. పొడుగాటి తోక, ఇటుక రంగు పొట్ట. గొంతు ఉబ్బించి మళ్ళీ అదే ఈల వేసింది.

"షామా," అన్నాడాయన పెదవులు కదిలీ కదలకుండా. "మీవాడు దీని దగ్గరే నేర్చుకున్నాడమ్మా. వాడు ఈల వేస్తే ఇది జవాబిచ్చేది. ఎంతసేపైనా కూర్చునేవాడు. ఇది ఊళ్ళోకి రాదు, అడవి పిట్ట."

ఊళ్ళోకి రాని పిట్ట అయితే మరి గేటు దగ్గరికి వచ్చేదేమిటి? ప్రసన్న అడగలేదు. ఎవరూ అడగలేదు. ఆమె పిట్టనే చూస్తూ ఉండిపోయింది. తన బిడ్డ ఇక్కడ కూర్చుని భయపడలేదు. సంతోషంగా ఉన్నాడు. ఇక్కడి పాటనే రోజూ ఇంటికి మోసుకొచ్చి గేటు దగ్గర తనకు వినిపించాడు. "నోరు లేదా" అని తను విసుక్కుంది.

లోహిత కెమెరా ఎత్తింది. ప్రసన్న ఊపిరి బిగబట్టింది. అడవిలో చప్పుడు కాకూడదని ఆమె మొదటిసారి కోరుకుంది.

ఆ ఫొటోలో తోక కొంచెం చెదిరింది. కానీ కొమ్మ ఖాళీగా లేదు.

ఆ తర్వాతి ఆదివారం లోహిత ఒక్కతే బయలుదేరింది. ప్రసన్నే సంచి అడుగు కొత్తగా కుట్టి ఇచ్చింది. టోపీ అడిగింది, నీళ్ళడిగింది, తేలు మందూ అడిగింది. సంచి మాత్రం చెవి దగ్గర పెట్టుకోలేదు. పిల్ల వీధి మలుపు తిరిగాక ఎర్ర దారం తెచ్చి, మువ్వలన్నీ గుచ్చి, గేటు గడియకు కట్టింది.

వంటింట్లోకి వచ్చి మిక్సీ మూత బిగిస్తుండగా ఈల వినబడింది. ఆమె చేతులు ఆగిపోయాయి. చెవులు రిక్కించింది. హాల్లో టీవీ మోగలేదు. గేటు మువ్వలూ మోగలేదు.

"వాడేనా?" అన్నాడు జయరావు హాల్లోంచి.

"వాడే," అంది ప్రసన్న. గేటు తీయడానికి పోలేదు. నిలబడి చివరిదాకా విన్నది.

సాయంత్రం కొండ మీద మబ్బు పట్టింది. వ్యాను రావాల్సిన వేళ దాటింది. ప్రసన్న మిషను ముందు కూర్చుని, కుట్టిందే కుట్టింది, విప్పిందే విప్పింది. ఘాట్ రోడ్డు, కాలువ పొంగు, చిరుత అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. సన్నగా చినుకు మొదలైంది.

గేటు దగ్గర మువ్వలు గలగలమన్నాయి.

"ఏం మా, గేటుకు గూడా కాళ్ళ గజ్జెలు కట్టినావా?" వానలో తడిసి, నవ్వుతూ నిలబడింది లోహిత. "వీధంతా ఇనపడతాండాది!"

"ఇనపడనీ," అంది ప్రసన్న, కొంగుతో కూతురి తల తుడుస్తూ. "అడివిలో గమ్మునుండు. ఇంటికొచ్చేటప్పుడు మాత్రం మోగించుకోని రా."